తులూజ్-లోత్రెక్: ఒక చిత్రకారుని అస్థివ్యాధి

ఫ్రెంచి చిత్రకారుడు అన్రీ ద తులూజ్-లోత్రెక్ 1864 నవంబరు 24వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని ఆల్బి పట్టణంలో, ప్రాచీనమైన ప్రభువంశంలో జన్మించాడు. తండ్రి అల్ఫోన్స్ వేటయందు, గుర్రపు స్వారీయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. తల్లి అడేల్. ఈ దంపతుల తల్లులిద్దరూ తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు. ఇటువంటి బంధుత్వాన్ని మన హిందూ కుటుంబాలు అన్నాచెల్లెళ్ళ వరుసగా ఎంచి వివాహానికి సమ్మతింపవు. ముస్లిం కుటుంబాలకు అభ్యంతరం లేదు. మేనరికమన్నచో తెలుగునాట ఎందరికో ప్రీతి. వంశపారంపర్య వ్యాధికి మాత్రం ఈ వరుసల భేదం తెలియదు. లోత్రెక్ మేనత్త అతని మేనమామనే వివాహమాడింది. వారి బిడ్డలలోనూ కొందరు మరుగుజ్జులైనారు.

పదమూడవ యేట, 1878లో, కుర్చీపై నుండి లేవబోయి జారిపడగా బాలుని ఎడమ తొడయెముక విరిగింది. మరుసటి సంవత్సరమే కుడి తొడయెముక విరిగింది. ఆ కాళ్ళు మరి పెరగలేదు. మొండెం పెద్దవానిదిగానూ, కాళ్ళు బాలునివిగానూ నిలిచిపోయి, అతని ఎత్తు సుమారు 152 సెంటీమీటర్ల వద్ద ఆగిపోయింది. స్వారీకి పనికిరాని కుమారుని తండ్రి విస్మరించాడు. మంచంపై గడిచిన ఆ మాసాలలోనే కుంచె అతనికి నిజమైన తోడైనది. పారిస్‌లో బొనా, కొర్మొఁ అను గురువుల వద్ద అభ్యసించి, మోఁమార్త్ర్‌లో స్థిరపడ్డాడు. 1891లో మూలాఁ రూజ్ నాట్యశాలకు గీసిన గోడపత్రం అతని పేరును నగరమంతటా చాటింది. అదే సంవత్సరం శస్త్రవైద్యుడు పెయాఁ చేయు శస్త్రచికిత్సను చిత్రించాడు. వైద్యవిద్యార్థియైన బంధువు గాబ్రియేల్ అతనికి ఆసుపత్రి ద్వారాలు తెరిచాడు. వైద్యుల నడుమ అంతగా మెలగిన వాని వ్యాధికి ఆ వైద్యులెవరూ పేరు పెట్టలేకపోవడం విధి వైపరీత్యమే.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. లోత్రెక్ మరి ఆరేళ్ళు బ్రతికాడు. మద్యపానం శరీరాన్ని కృశింపజేయగా, 1901 సెప్టెంబరు 9న, ముప్పది యారవ యేట తనువు చాలించాడు. అతని చివరి చిత్రాలలో ఒకటి గాబ్రియేల్ వైద్యపరీక్షకు కూర్చున్న దృశ్యం.

1962లో మరోతో, లమీ అను ఫ్రెంచి వైద్యులు పిక్నోడిసోస్టోసిస్ అను వ్యాధిని విడదీసి వర్ణించారు. దీని గుర్తులు ఎక్స్‌రే ఫిల్మ్‌పై స్పష్టంగా కానవస్తాయి. ఎముకలు మామూలుకన్న దట్టమై మరింత తెల్లగా కనబడతాయి. అయినను గట్టివి కావు, సుద్దముక్కవలె విరుగుతాయి. పసితనంలోనే పూడవలసిన మాడు పెద్దయినా పూడదు. క్రింది దవడ మూల వంపు చదునవుతుంది. వ్రేళ్ళ కొసల ఎముకలు అరిగి పొట్టివవుతాయి. పొట్టితనం కలిగించు వ్యాధులు అనేకమున్నందున, పుర్రె, వెన్ను, చేతులు, కాళ్ళు అన్నింటి ఫిల్ములను కలిపి చూచినగాని వైద్యుడు నిర్ణయానికి రాలేడు.

1965లో ఆ ఇరువురే లోత్రెక్ వ్యాధి ఇదేనని ప్రతిపాదించారు. విడువని టోపీ పూడని మాడును, గడ్డం కుదించిన దవడను కప్పినవని వారి ఊహ. వారికి ఆధారమైనవి ఛాయాచిత్రాలు, విరిగిన ఎముకల వృత్తాంతం, వంశచరిత్ర మాత్రమే; ఎక్స్‌రే లేదు. కనుకనే కొందరు పండితులు ఇంకను సందేహిస్తున్నారు, ఆ సందేహం న్యాయమే. 1996లో ఈ వ్యాధికి మూలమైన జన్యులోపం తెలిసింది: పాత ఎముకను కరిగించి తొలగించు కాథెప్సిన్-కె అను ఎంజైము లోపించడం. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోయుచున్నచో, ప్రతి బిడ్డకూ వ్యాధి సంక్రమించు అవకాశం నాలుగింట ఒకటి. నేడు ఎక్స్‌రేతో కలిగిన అనుమానాన్ని జన్యుపరీక్షతో రూఢిపరచుకొనవచ్చును. లోత్రెక్ విషయంలో మిగిలినవి ఆ పాత ఛాయాచిత్రాలే.