రాతిదిబ్బ మీద దీపం – ఐడా లూయిస్

పొద్దుగూకే వేళకు కందిలి గ్లాసుకు పట్టిన మసి తుడవడం, వత్తి కొస కత్తిరించడం, గ్యాసునూనె పోసి వెలిగించడం – కరెంటు రాకముందు నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఇంటింటా ఇది ఆడవాళ్ల పనే. దీనికి ఎవరూ జీతమివ్వలేదు. అసలు దాన్ని పని అని కూడా అనుకోలేదు. సరిగ్గా అదే పనిని సముద్రం నడుమ ఓ రాతిదిబ్బ మీద దాదాపు యాభై ఏళ్లు చేసింది ఒకామె. ఆ దీపానికి చివరకు ఆమె పేరే పెట్టారు. ఆమే అమెరికాకు చెందిన ఐడా లూయిస్.

మనది సముద్రం లేని సీమ. విశాఖకో, మంగినపూడికో పోయినప్పుడు లైట్‌హౌస్‌ను చూసి వచ్చినవాళ్లే మనలో ఎక్కువ. రాత్రిపూట ఓడలకు రాళ్లెక్కడున్నాయో, రేవెక్కడుందో చెప్పేది ఆ దీపమే. అది ఒక్క రాత్రి ఆరిపోయినా ప్రాణాలు పోతాయి. అంత బాధ్యత పదిహేనేళ్ల అమ్మాయి భుజాన పడితే?

పదిహేనేళ్లకే ఇంటిపెద్ద

ఐడా 1842 ఫిబ్రవరి 25న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో పుట్టింది. తండ్రి హోసియా లూయిస్ ఓడల మీద పనిచేసిన కెప్టెన్. తర్వాత న్యూపోర్ట్ రేవులోని లైమ్ రాక్ అనే చిన్న దీవిలో దీపం చూసే ఉద్యోగం వచ్చింది. ఒడ్డుకు సుమారు 200 మీటర్ల దూరంలో ఉన్న సున్నపురాతి దిబ్బ అది. 1857లో అక్కడ ఇల్లు కట్టాక కుటుంబమంతా అక్కడికే మారింది. మన దగ్గర సిపాయిల తిరుగుబాటు జరిగిన సంవత్సరమే అది.

కాపురం పెట్టి నాలుగు నెలలైనా కాలేదు, తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇక లేవలేడు. ఇంట్లో జబ్బుతో ఉన్న చెల్లెలు, చదువుకునే పిల్లలు. తల్లి, ఐడా కలిసి దీపం బాధ్యత తీసుకున్నారు. సాయంత్రం నూనె పోసి వెలిగించాలి, అర్ధరాత్రి లేచి మళ్లీ నింపాలి, వత్తి సరిచేయాలి, అద్దాలు మెరిసేలా తుడవాలి, తెల్లవారగానే ఆర్పాలి. ఇది కాక తమ్ముణ్ణి, చెల్లెల్ని పడవలో బడికి దింపి తేవాలి, ఇంటికి సరుకులూ మోయాలి. గాలి వీచినా, మంచు కురిసినా తెడ్డు ఆగకూడదు. ఈతలో న్యూపోర్ట్ మొత్తంలో ఆమెను మించినవాళ్లు లేరని పదిహేనేళ్లకే పేరు తెచ్చుకుంది.

ఒక్కొక్క ప్రాణం

1858లో నలుగురు కుర్రాళ్ల పడవ రేవులో బోల్తా పడింది. ఐడా తన పడవ వేసుకుపోయి నలుగురినీ తెచ్చింది. అదే మొదలు. కృష్ణ దాటేందుకు పుట్టి ఎక్కినవాళ్లకు తెలుసు, ఒక్కరు పక్కకు ఒరిగినా అందరూ నీళ్లలో పడతారని. మునిగేవాడు గాభరాగా పడవ అంచు పట్టుకుంటే కాపాడేవాళ్లకూ అదే గతి. అందుకే ఐడా మనిషిని పక్కనుంచి కాక పడవ వెనక భాగం నుంచి పైకి లాగేది.

1867 జనవరిలో ఓ సంగతి జరిగింది. ఓ ధనవంతుడి గొర్రె నీళ్లలో పడితే, దానికోసం పడవ తీసుకుపోయిన ముగ్గురు మనుషులూ మునగబోయారు. ఐడా వాళ్లను ఒడ్డుకు చేర్చి, మళ్లీ వెనక్కి పోయి గొర్రెనూ తెచ్చింది!

1869 మార్చి 29 మాత్రం ఆమె బతుకునే మార్చేసింది. ఆ రోజు తుపాను. ఇద్దరు సైనికులు ఓ కుర్రవాడిని దారి చూపేందుకు వెంటబెట్టుకుని వస్తుంటే పడవ తిరగబడింది. జలుబుతో పొయ్యి పక్కన కూర్చున్న ఐడా కోటు, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. తమ్ముడు తోడుపోయాడు. సైనికులిద్దరూ బతికారు. పాపం, ఆ కుర్రవాడు దక్కలేదు.

పేరొచ్చింది, ఉద్యోగం రాలేదు

ఆ వార్త దేశమంతా పాకింది. పెద్ద పత్రికలు ఆమె బొమ్మ వేశాయి. 1869 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, న్యూపోర్ట్ ప్రజలు ఆమెకు కొత్త పడవ బహూకరించారు. అధ్యక్షుడు గ్రాంట్ స్వయంగా చూడవచ్చాడు. ఆ ఒక్క వేసవిలో ఆ దీవికి వచ్చిన జనం తండ్రి లెక్కలో తొమ్మిది వేలకు పైనేనని చెబుతారు. ఆడది తెడ్డు వేయడం ఆడతనానికి తగునా అని చర్చించినవాళ్లూ లేకపోలేదు. మునిగేవాడికి మాత్రం ఆ సందేహం రాలేదు!

ఇంతకీ, దీపం ఉద్యోగం ఎవరి పేరున ఉంది? మంచంలో ఉన్న తండ్రి పేరున. 1872లో ఆయన పోయాక తల్లి పేరున. పని మాత్రం ఐడాది. పట్టా పాసుబుక్కులో ఒకరి పేరు, చేనులో ఒంగి కలుపు తీసేది ఇంకొకరు – మనకు తెలియని కథా ఇది?

1870లో ఆమె విలియం విల్సన్ అనే కెప్టెన్‌ను పెళ్లాడి కనెక్టికట్ వెళ్లింది. ఆ కాపురం రెండేళ్లకు మించి సాగలేదు. విడిపోయి తన రాతిదిబ్బకే తిరిగి వచ్చింది, తెడ్డు పట్టింది. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడదాన్ని లోకం ఎలా చూసేదో ఆ రోజుల్లో ఊహించుకోవచ్చు. ఆమెకు మాత్రం సాయంత్రమయ్యేసరికి వెలిగించాల్సిన దీపం ఒకటుంది.

చివరకు 1879లో ఆమెనే అధికారికంగా కీపర్‌గా నియమించారు. ఏడాదికి 750 డాలర్ల జీతం. మొదటిసారి వత్తి వెలిగించిన 22 ఏళ్లకు తన పేరున జీతం! అప్పుడామె వయసు 37.

గంటలు మోగిన రాత్రి

1881 ఫిబ్రవరిలో ఇద్దరు సైనికులు గడ్డకట్టిన నీటి మీద నడిచి కోటకు పోతూ మంచు విరిగి మునిగారు. ఏ క్షణమైనా తన కాళ్లకింద కూడా మంచు విరగవచ్చని తెలిసీ ఐడా తాడుతో పరుగెత్తింది. ఇద్దరూ బతికారు. అందుకు ప్రభుత్వం ప్రాణరక్షణ బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమే. అరవై దాటాక కూడా నీళ్లలో పడిన ఓ స్నేహితురాలిని బయటికి లాగింది. లెక్కకు ఎక్కినవే 18 ప్రాణాలు. నిజానికి అంతకన్నా ఎక్కువేనంటారు.

1911 అక్టోబర్ 24న ఐడా కన్నుమూసింది. ఆ రాత్రి రేవులోని ఓడలన్నీ ఆమెకోసం గంటలు మోగించాయి.

1924లో లైమ్ రాక్‌కు ఐడా లూయిస్ రాక్ అని పేరు మార్చారు. లైట్‌హౌస్‌కూ ఆమె పేరే పెట్టారు. 1927లో మనిషి అవసరం లేకుండా దానంతటదే వెలిగే దీపం వచ్చింది, పాత దీపం ఆరింది. మరుసటేడు ఆ ఇంటిని పడవల క్లబ్ కొనుక్కుంది. ఆ క్లబ్ పేరూ ఐడా లూయిసే. దాని జెండా మీద 18 నక్షత్రాలుంటాయి, ఒక్కో ప్రాణానికి ఒకటి చొప్పున. 1995లో అమెరికా తీరరక్షక దళం ఓ కొత్త ఓడను నీళ్లలోకి దించి ఆమె పేరే పెట్టింది.

పొగడ్తలు ఆమెకు 27వ ఏటనే వచ్చాయి. తన పని తన పేరున రాయించుకోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. మన ఇళ్లలో, చేలల్లో, దుకాణాల్లో ఎందరి పని ఇంకా వేరొకరి పేరున నడుస్తోందో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.