పెన్షన్ అందని జిల్లా అధికారి – జోసెఫ్ ఫోరియర్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. కలెక్టరాఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఫైళ్ళు తిప్పినవాడిని, ఎవరి గురించి రాయాలో వెంటనే తోచలేదు. అంతలో దసరాకు మా అమ్మాయి కొడుకు వచ్చాడు. గేర్లు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరు. కంప్యూటరులో పళ్ళచక్రం బొమ్మ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. అది అంచుల నుంచి లోపలికి ఎరుపు, పసుపు, నీలం రంగులు మారుతోంది. ఏమిటని అడిగాను. ఎర్రగా కాల్చిన గేరును నూనెలో ముంచితే ఎక్కడ ఎంత త్వరగా చల్లారుతుందో, ఎక్కడ గట్టిపడుతుందో, ఎక్కడ వంకరపోతుందో ముందే లెక్క కట్టి చూస్తున్నానన్నాడు. ఆ లెక్కకు మూలం రెండు వందల ఏళ్ళనాటి ఒక ఫ్రెంచి జిల్లా అధికారి అని కూడా చెప్పాడు. జిల్లా అధికారి అనేసరికి నాకు ఆసక్తి కలిగింది. వాడు తెచ్చిచ్చిన పుస్తకాలు చదివి, తెలుసుకున్నంత వరకు మీ ముందుంచుతున్నాను.

జోసెఫ్ ఫోరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్సులోని ఒసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట పుట్టాడు. పదేళ్ళ వయసుకల్లా తల్లీ తండ్రీ గతించారు. ఊళ్ళోని సైనిక పాఠశాలలో చదువుకుని గణితంలో రాణించాడు. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో, చెరసాలకు వెళ్ళి ప్రాణాలతో బయటపడ్డాడు. తరువాత పారిస్‌లో గణితం బోధించాడు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్ళిన పండితుల్లో ఆయన ఒకడు. 1801లో తిరిగివచ్చాక మళ్ళీ పాఠాలు చెప్పుకోవాలనుకున్నాడు. కాని నెపోలియన్ ఆయనను గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న ఇజేర్ జిల్లాకు ప్రిఫెక్టుగా నియమించాడు. మన కలెక్టరు వంటి పదవి అనుకోవచ్చు.

1802 నుంచి 1815 వరకు ఆ పని చేశాడు. బూర్గ్వాన్ ప్రాంతపు చిత్తడి నేలల వల్ల చుట్టుపక్కల గ్రామాల్లో జ్వరాలు ప్రబలేవి. ఆ నీటిని మళ్ళించాలంటే పదుల కొద్దీ గ్రామాలవారు ఒప్పుకోవాలి. ఒక ఊరిని ఒప్పిస్తే పక్క ఊరు అడ్డుపడే వ్యవహారం ఎలా ఉంటుందో మనలో రెవిన్యూ శాఖలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అందరినీ ఒప్పించి పని సాధించాడు. గ్రెనోబుల్ నుంచి టూరిన్ వైపు కొండదారిన రోడ్డు పనులూ నడిపించాడు.

ఈ ఉద్యోగం చేస్తూనే ఆయన వేడిని గురించి పరిశోధించాడు. ఇనుప కడియాన్ని ఒకచోట వేడిచేసి, ఆ వేడి చుట్టూ ఎలా పాకుతుందో థర్మామీటర్లతో కొలిచాడు. ఇనుప గోళాలు ఎలా చల్లారతాయో గమనించాడు. ఆయన తేల్చిన సూత్రం తేలిక మాటల్లో ఇది. లోహంలో ఒక చోటు తన ఇరుగుపొరుగు కంటే వేడిగా ఉంటే వాటికి వేడిని ఇస్తుంది, చల్లగా ఉంటే పుచ్చుకుంటుంది. తేడా ఎంత ఎక్కువైతే ఆ ఇచ్చిపుచ్చుకోవడం అంత వేగం. దీనిని ఒక సమీకరణంగా రాసి, దాన్ని సాధించే పద్ధతి కూడా చూపించాడు.

1807లో ఈ పరిశోధనను పారిస్ విద్వత్సభకు సమర్పించాడు. లగ్రాంజ్ వంటి ఉద్దండులు అభ్యంతరాలు చెప్పారు. 1811లో పెంచి రాసి పంపితే బహుమతి ఇచ్చారు గాని, నిరూపణలో పటుత్వం చాలదని కూడా జతచేశారు. వెంటనే అచ్చు కూడా వేయలేదు.

1815లో నెపోలియన్ తిరిగి గద్దెనెక్కి ఆయనను లియాన్ నగరం కేంద్రంగా ఉన్న రోన్ జిల్లాకు ప్రిఫెక్టుగా వేశాడు. ఆ ఉద్యోగం కొద్ది వారాలే సాగింది. జూన్ నెలలో ఏటా 6000 ఫ్రాంకుల పెన్షన్ మంజూరైంది. జులై 1 నుంచి చెల్లించాలి. జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడు. కొత్త ప్రభుత్వం వచ్చింది, పెన్షన్ ఒక్క ఫ్రాంకు కూడా అందలేదు. నలభై ఏడేళ్ళ వయసులో ఉద్యోగమూ లేదు, పెన్షనూ లేదు. పూర్వం తన వద్ద చదువుకున్న షాబ్రోల్ పారిస్‌లో ప్రిఫెక్టుగా ఉండి, గణాంకాల కార్యాలయంలో పని ఇప్పించి ఆదుకున్నాడు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే, మొదట సమర్పించిన పదిహేనేళ్ళకు, 1822లో, వేడి సిద్ధాంతంపై తన గ్రంథాన్ని వెలువరించాడు. అదే ఏడు సైన్సు అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయ్యాడు. 1830 మే 16న పారిస్‌లో కన్నుమూశాడు.

ఇక ఆయన లెక్కకూ మా మనవడి గేరుకూ సంబంధం చెబుతాను. నా చిన్నతనంలో మా ఊరి కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి, రంగు చూసి, నీళ్ళతొట్టిలో ముంచేవాడు. అనుభవమే ఆయనకు కొలమానం. ముంచగానే పైభాగం ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఉక్కు అలా గట్టిపడేటప్పుడు కొద్దిగా ఉబ్బుతుంది కూడా. పైన ఒకసారి, లోపల మరొకసారి ఉబ్బితే వస్తువు వంకరపోవచ్చు, పగలవచ్చు. కొడవలి పాడైతే ఒక పూట కూలి పోతుంది. పెద్ద యంత్రభాగం పగిలితే లక్షల నష్టం. అందుకే ఇప్పుడు కంప్యూటరులో గేరును చిన్నచిన్న గళ్ళుగా విభజిస్తారు. క్షణంలో ప్రతి చిన్న భాగానికీ ఏ గడి పక్క గడికి ఎంత వేడి ఇస్తుందో ఫోరియర్ సూత్రంతో లెక్కిస్తారు. ఉక్కు లోపలి మార్పులనూ, నూనె వేడిని లాగే తీరునూ తరువాతివారు దానికి జోడించారు. కొలిమి వేడి ఎంత, ఎంతసేపు, నూనెలోనా నీటిలోనా అన్నది అలా నిర్ణయిస్తారు. చివరకు నిజమైన ముక్కను కాల్చి కొలిచి సరిచూసుకుంటారట. అది విని సంతోషించాను, తనిఖీ లేని లెక్క మనకూ నచ్చదు కదా!

ఒక సొంత విషయం చెప్పి ముగిస్తాను. నేను రిటైరయ్యాక నా పెన్షన్ కాగితాలు ఒక కార్యాలయంలో పద్నాలుగు నెలలు కదలలేదు. ఆ పద్నాలుగు నెలలూ వీధి అరుగు మీద కూర్చుని అందరినీ తిట్టుకోవడం తప్ప ఒక్క మంచి పని చేయలేదు. రావలసిన పెన్షన్ కోసం పోరాడవలసిందే, అందుకే ఈ సంఘంలో చేరాను. కాని ఎదురుచూస్తూ కాలాన్ని కూడా పోగొట్టుకోనక్కరలేదని ఫోరియర్ జీవితం చదివాక, ఆలస్యంగానైనా, తెలిసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం మా వీధి పిల్లలు నలుగురికి లెక్కలు చెబుతున్నాను.