బ్రౌను దొర గ్రంథసంచయము

తాటియాకుల గ్రంథమునకు చెద, చెమ్మ యను రెండును శత్రువులే గాని, వానికంటెను ప్రబల శత్రువు మానవుని యుపేక్ష. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమునాటికి ఆంధ్రదేశమున పెక్కు కావ్యములు ఆ యుపేక్షకు గురియై ఇండ్ల అటుకలపై శిథిలమగుచుండెను. అట్టివానిని వెదకించి, వెలయిచ్చి కొని, దిద్దించి, పదుగురకు అందునట్లు చేసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర.

ఈయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1817లో కుంపిణీ కొలువునకై చెన్నపట్టణము చేరి అచ్చట తెలుగు నేర్వ నారంభించెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన పిదప ఆ భాషపై మక్కువ దినదినాభివృద్ధి నొందెను. అచ్చట ఒక బంగళా కొని, అందు పండితులను, వ్రాయసగాండ్రను నిలిపి, తన జీతముతోనే వారిని పోషించెను.

1824 ప్రాంతమున ఆయన దృష్టి వేమన పద్యములపై ప్రసరించెను. ఏ రెండు ప్రతులును ఒక్క తీరున లేవు. అందుచే ఒక గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించుట, కాగితముపై శుద్ధప్రతి యెత్తించుట, పాఠభేదములను పండితులచే పరిశీలింపజేయుట అను పద్ధతి నవలంబించెను. 1829లో 693 వేమన పద్యములు ముద్రింపించెను. ప్రతులు పెరిగినకొలది పద్యములును పెరిగి 1839 నాటి ముద్రణమున 1164 అయ్యెను. జూలూరి అప్పయ్య వ్యాఖ్యానముతో మనుచరిత్రము 1851లో వెలువడెను. కావ్యములతో తృప్తి చెందక స్థానిక చరిత్రలను సైతము సేకరించి, అనంతపుర చరిత్రమును ఆంగ్లమున కనువదించి 1853లో ప్రకటించెను.

ఈ కృషికి ఆయన జీతము చాలక అప్పులును చేయవలసి వచ్చెను. 1833 నాటి ఘోరమైన కరవులో గుంటూరున పనిచేసి, మరుసటి యేట కొలువు కోల్పోయి స్వదేశమున కేగెను. ఆ కష్టదశలోను గ్రంథములను మరువలేదు. లండనులోని కుంపిణీ గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు ఎవ్వరును ముట్టక పడియుండుట చూచి, అవి మరల చెన్నపురికి చేరునట్లు పాటుపడెను. తాను కూర్చిన సంచయమును సైతము తనయొద్ద దాచుకొనక చెన్నపురి సాహిత్యసంఘమున కప్పగించెను. కాలక్రమమున అవి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి పరిశోధకులకు ఆధారము లైనవి.

ఆ గ్రంథములనుండి యేరిన పదములే 1852లో ఆయన ప్రకటించిన తెలుగు నిఘంటువునకు పుష్టి చేకూర్చినవి. ఉద్యోగవిరమణానంతరము లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీన ఆయన పరమపదించెను. కడపలో ఆయన నివసించిన చోటనే పిమ్మట ఆయన పేర గ్రంథాలయము వెలసినది.

జమాఖర్చు చూచినచో ఆ దొరకు నిలువ తేలినది అప్పు మాత్రమే. తెలుగువారి పద్దున జమపడినది తరుగని నిధి. పుస్తకము కొనుటతో సంగ్రాహకుని ధర్మము తీరదు. దానిని దిద్ది, కాపాడి, పదిమంది చదువుకొను చోట నుంచినపుడే ఆ ధర్మము సంపూర్ణమగును. గ్రామ గ్రంథాలయములకు బ్రౌను దొర చూపిన త్రోవ ఇదియే.