కొట్టే చెయ్యి దించుకున్న గురువు: డాన్ బోస్కో జీవితం



ఈ వారం వీడియోలో ప్రహ్లాదుడి చదువు గురించి చెప్పుకున్నాం కదా. చండామార్కులు ఆ పసివాడి మీద సామ దాన భేద దండోపాయాలు అన్నీ వాడి చూశారు, ఏదీ పనిచేయలేదు. ఆ వీడియో ఎడిటింగ్‌లో ఉండగానే మా అక్క ఫోన్ చేసింది.

అక్క కొడుకు ఏడో తరగతి. ఒక కాన్వెంట్ స్కూల్లో చదువుతున్నాడు. వాళ్ళ క్లాసులో నత్తి ఉన్న పిల్లాడిని ఒకడు రోజూ వెక్కిరిస్తున్నాడట. ఆ రోజు మావాడు ఆగలేక వాడిని గుద్దేశాడు. ముక్కులోంచి రక్తం వచ్చింది. స్కూల్ వాళ్ళు మావాడిని మూడు రోజులు రావద్దన్నారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి మూల కూర్చుని ఉన్నాడు. కీచకుడిని చంపినందుకు భీముడిని అందరూ మెచ్చుకుంటారు కదా పిన్నీ, మరి నాదెలా తప్పయింది అని అడిగాడు.

రోజూ ధర్మం గురించి వీడియోలు చేసే నేను ఆ పూట జవాబు చెప్పలేకపోయాను.

రాత్రి ఆలోచిస్తుంటే డాన్ బోస్కో గుర్తొచ్చారు. ఆ పేరుతో మన దగ్గర కూడా స్కూళ్ళు ఉన్నాయి, ఆ పేరు ఎవరిదో మాత్రం మనలో చాలామందికి తెలీదు. ఆయన మన సంప్రదాయం వారు కాదు, క్యాథలిక్ ఫాదర్. కానీ మావాడు అడిగిన ప్రశ్న ఆయన జీవితమంతా మోసిన ప్రశ్నే. అందుకే ఈ పోస్ట్.

ఇటలీ ఉత్తర భాగంలో, టురిన్ నగరానికి దగ్గర్లో బెక్కి అనే చిన్న పల్లె. అక్కడ 1815 ఆగస్టు 16న ఒక పేద రైతు ఇంట్లో జాన్ బోస్కో పుట్టాడు. రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. తల్లి మార్గరీటాకు అక్షరం ముక్క రాదు. కష్టం చేసి పిల్లల్ని పెంచింది. సవతి అన్నకు వీడి చదువు నచ్చేది కాదు. అందుకని కొన్నాళ్ళు వేరేవాళ్ళ పొలంలో పాలేరుగా కూడా ఉండాల్సి వచ్చింది.

తొమ్మిదేళ్ళప్పుడు ఒక కల వచ్చిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. కలలో బోలెడంత మంది పిల్లలు, కొందరు బూతులు తిడుతున్నారు. వాళ్ళ నోరు మూయించాలని వీడు పిడికిళ్ళతో మీదపడ్డాడు. అప్పుడు తేజస్సుతో ఉన్న ఒక పురుషుడు కనిపించి, దెబ్బలతో కాదు, మెత్తదనంతో, ప్రేమతో వీళ్ళని గెలుచుకోవాలని చెప్పాడు. కల కరిగిపోయింది కానీ పిడికిలి అంత తొందరగా విచ్చుకోలేదు. ఈ కథలో నాకు నచ్చిన భాగం ఇదే.

పందొమ్మిదేళ్ళకి బోస్కో కియేరి అనే ఊళ్ళో చదువుకుంటున్నాడు. కూలి పనులు చేసి పెరిగిన ఒళ్ళు, మంచి బలం. గారడీలు, తాడు మీద నడవడం కూడా వచ్చు. అదే బడికి లుయీజీ కొమొల్లో అనే నెమ్మదైన అబ్బాయి వచ్చాడు. అయ్యవారు రావడం ఆలస్యమైతే క్లాసంతా అల్లరి. కొమొల్లో దాంట్లో కలవడు. కలవనందుకు ఒకడు చెంప పగలగొడితే, తిరిగి కొట్టగలిగి కూడా క్షమించేశాడు. ఇంకేం, మెత్తగా కనిపించాడని తర్వాత కూడా వదల్లేదు. ఒకరోజు అతన్నీ ఇంకో అమాయకుడినీ కొందరు కలిసి కొడుతుంటే బోస్కో వద్దని హెచ్చరించాడు. వాళ్ళు వినలేదు.

బోస్కోకి ఒళ్ళు తెలీలేదు. చేతికి కర్ర దొరక్క, ఒక కుర్రాడినే భుజాలు పట్టి ఎత్తి, గదలాగా తిప్పి మిగతావాళ్ళని బాదాడు! నలుగురు కింద పడ్డారు, మిగతావాళ్ళు పరుగో పరుగు. అదే టైంలో అయ్యవారు వచ్చారు. సంగతి విని, ఇంత బలం ఎలా ఉందో మళ్ళీ చూపించమన్నారు. అందరూ నవ్వారు. శిక్ష కూడా పడలేదు.

మన సినిమా అయితే ఇక్కడ విజిల్స్ పడతాయి. కానీ కొమొల్లో మాత్రం సంతోషించలేదు. తర్వాత స్నేహితుడిని పక్కకి పిలిచి, నీ బలం చూస్తే భయమేస్తోంది, దేవుడు ఆ బలం ఇచ్చింది తోటివాళ్ళని చితగ్గొట్టడానికి కాదు అన్న అర్థంలో మందలించాడు. ఎవరిని కాపాడానని అనుకున్నాడో వాడే భయపడ్డాడు. ఆ మాట బోస్కోకి గట్టిగా తగిలింది. కొమొల్లో 1839లో, చిన్న వయసులోనే చనిపోయాడు. బోస్కో మాత్రం అతన్ని మర్చిపోలేదు.

1841లో బోస్కో ఫాదర్ అయ్యి టురిన్ వచ్చారు. ఫ్యాక్టరీలు పెరుగుతున్న కాలం, పల్లెల నుంచి పిల్లలు పని కోసం వచ్చి వీధుల్లో పడుకునేవారు. ఆయన జైళ్ళకి వెళ్తే అక్కడ పన్నెండు, పదిహేనేళ్ళ వాళ్ళు కనిపించారు. శిక్ష అయిపోయి బయటికి వెళ్ళినవాళ్ళే మళ్ళీ లోపలికి వచ్చేవారు. ఎందుకంటే బయట వాళ్ళకోసం ఎదురుచూసే మనిషి లేడు. తప్పు జరిగాక శిక్షించడం కాదు, జరగకముందే ఒక పెద్ద మనిషి పక్కన ఉండాలి అని ఆయనకి అక్కడ అర్థమైంది.

ఆ ఏడాది డిసెంబర్ 8న చర్చిలో పూజకి తయారవుతున్నారు. పూజలో సాయం చేయడం రాదన్నందుకు చర్చి పనివాడు ఒక అనాథ కుర్రాడిని కర్రతో బాది తరిమేశాడు. బోస్కో ఊరుకోలేదు. ఆ అబ్బాయి నా స్నేహితుడు, వెంటనే పిలుచుకు రా అన్నారు. అంతకుముందు ఆ పిల్లాడి మొహం కూడా చూడలేదాయన. వాడి పేరు బర్తొలొమేయో గరెల్లి. చదవడం వచ్చా? రాదు. పాడటం వచ్చా? రాదు. ఈల వేయడం వచ్చా అని అడిగేసరికి వాడు నవ్వాడు. ఆ నవ్వుతోనే అంతా మొదలైంది.

పిల్లలు పదులయ్యారు, వందలయ్యారు. గోల భరించలేక ఎక్కడికక్కడ పొమ్మన్నారు. చివరికి 1846లో వాల్డోక్కో అనే చోట ఒక రేకుల షెడ్డులాంటి చిన్న పాక దొరికింది. వయసు మళ్ళిన తల్లి పల్లె వదిలి వచ్చి ఆ పిల్లలందరికీ వండి పెట్టింది, బట్టలు కుట్టింది. ఒకసారి పిల్లలు ఆటలో ఆమె కూరగాయల మడి మొత్తం తొక్కేశారు. ఇక నావల్ల కాదు, ఊరెళ్ళిపోతానంది. కొడుకు వాదించలేదు, గోడ మీది సిలువ వైపు చూపించారు. ఆమె ఆగిపోయింది, పోయేదాకా పదేళ్ళు అక్కడే ఉంది.

1852లో ఒక పిల్లాడిని పనిలో పెడుతూ యజమానితో ఆయన రాయించుకున్న ఒప్పందంలో, మాటలతోనే సరిదిద్దాలి, కొట్టకూడదు అనే షరతు ఉంది. 1877లో తన పద్ధతిని రాసి పెట్టారు. వివేకం, భక్తి, ప్రేమ, ఈ మూడే దానికి పునాది. కొట్టడం, చెవులు మెలిపెట్టడం, నొప్పి పుట్టేలా మోకాళ్ళ మీద నిలబెట్టడం, ఏవీ వద్దు. మందలింపు కూడా నలుగురిలో వద్దు. దానికి బదులు టీచర్లు ఆటస్థలంలో పిల్లల మధ్యే ఉండాలి. ఏడిపించడాలు మొదలయ్యేది క్లాసులో కాదు కదా, పెద్దవాళ్ళు లేని చోటే!

1884లో, చివరి రోజుల్లో, రోమ్ నుంచి తనవాళ్ళకి ఒక ఉత్తరం రాశారు. టీచర్లు ఆటల వేళ పిల్లలతో కలవడం మానేశారనీ, అందుకే నమ్మకం పోయిందనీ బాధపడ్డారు. ప్రేమ ఉంటే చాలదు, ఆ ప్రేమ పిల్లలకి తెలియాలి అన్నది దాని సారం. 1888 జనవరి 31న కన్నుమూశారు. ఆయన స్థాపించిన సలేషియన్ సభ 1906లో తంజావూరు ద్వారా మన దేశానికి వచ్చింది.

ఆయన అంత చెప్పినా, బెత్తం పట్టిన క్యాథలిక్ బడులు తర్వాత కూడా ఎన్నో ఉన్నాయి. మన బడులూ అంతే. మన దేశంలో పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పేదాకా వచ్చింది.

మర్నాడు మావాడి దగ్గర కూర్చున్నాను. ద్రౌపది ముందు ఎక్కడికి వెళ్ళిందో తెలుసా అని అడిగాను. విరాటుడి సభకి వెళ్ళింది. రాజు నోరు విప్పలేదు. సభ మూగబోయింది కాబట్టి భీముడి చెయ్యి లేచింది. నువ్వు సభకి వెళ్ళావా, టీచర్‌కి చెప్పావా అన్నాను. రెండుసార్లు చెప్పాడట, పట్టించుకోలేదట. అప్పుడు తప్పు నీ ఒక్కడిదే కాదు నాన్నా అన్నాను. నీ మనసు సరైన చోటే ఉంది, కానీ నీ దెబ్బ చూసి నీ స్నేహితుడికి ధైర్యం వచ్చిందో, భయం వేసిందో వాడినే అడుగు అన్నాను. అక్కకి కూడా చెప్పాను, స్కూల్‌కి వెళ్ళి ఆ రెండుసార్ల సంగతి గట్టిగా అడగమని. వెళ్ళింది.

నాలుగో రోజు మావాడు నత్తి ఉన్న ఆ అబ్బాయి పక్కన కూర్చుని లంచ్ తిన్నాడు. మరి నువ్వు కొట్టినవాడు అని అడిగితే, వాడు ఒక్కడే కూర్చున్నాడు పిన్నీ అని కాసేపు ఆగాడు. రేపు చూస్తానన్నాడు.

మీ క్లాసులోనో, హాస్టల్లోనో, ఆఫీసులోనో ఇలా ఒంటరిగా కూర్చున్నవాళ్ళు ఉంటే, రేపటి దాకా ఆగకండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. శుభం.