జి.డి.నాయుడు

జి.డి.నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) గా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన తెలుగు యంత్రనిపుణుడు, పారిశ్రామికవేత్త. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. పాఠశాల చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయినా, ఒక పాత మోటారు సైకిలును విప్పి తిరిగి బిగించడంతో మొదలుపెట్టి బస్సు రవాణా, విద్యుత్ మోటార్లు, రేడియోలు, క్షురక యంత్రాలు, చివరకు కారు వరకు ఎన్నో నిర్మించాడు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించాడు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలివెళ్ళిన తెలుగువారి సంతతి కోయంబత్తూరు ప్రాంతంలో అధికంగా ఉంది. ఇంట తెలుగు, వీధిలో తమిళం వీరి వాడుక. పేరులోని మొదటి అక్షరం తండ్రి గోపాలస్వామిది. తల్లి ఈయన పసితనంలోనే మరణించింది.

బడి ఈయనకు సరిపడలేదు. గురువుల కళ్ళలో ఇసుక చల్లి పారిపోయేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇది అంతగా రుచించని ఘట్టమే అయినా, తరువాతి కాలంలో ఇదే మనిషి ఒక ఇంజనీరింగు కళాశాలకు కారకుడు కావడం వలన దీనిని వదిలివేయడానికి వీలులేదు. చదువు మానిన తరువాత పొలం పనులు చేస్తూ, తీరిక వేళల్లో దొరికిన పుస్తకాలు చదువుకొనేవాడు.

మోటారు సైకిలు

తమ ప్రాంతానికి వచ్చిన ఒక బ్రిటిషు రెవెన్యూ అధికారి వద్ద నాయుడు మొదటిసారి మోటారు సైకిలును చూశాడు. అది ఇంగ్లాండులోని కావెంట్రీ నగరంలో తయారైన రడ్జ్ బండి. ఎద్దు, గుర్రం లేకుండా తనంతట తాను నడిచే బండి ఆ కాలపు పల్లెటూరి యువకునికి ఎంతటి వింతో ఊహించవచ్చు. వింతపడి ఊరుకోకుండా దానిని సొంతం చేసుకోవాలని నిశ్చయించుకోవడమే నాయుడి ప్రత్యేకత. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ సుమారు మూడేళ్ళపాటు కూలి డబ్బు దాచాడు. ఆ సొమ్ముతో అదే బండిని మూడువందల రూపాయలకు కొన్నాడని జీవితచరిత్రలు చెబుతాయి.

కొన్న బండి ఎక్కి తిరగడంతో ఆయనకు తృప్తి కలగలేదు. దానిని మరమేకుతో సహా విప్పదీసి, ప్రతి భాగమూ ఏ పనికి ఉన్నదో గ్రహించి, మళ్ళీ బిగించి నడిపించాడు. ఈయన యంత్రవిద్యకు అదే ఓనమాలు. ఆ తరువాత మెకానిక్కుగా బ్రతుకుతెరువు సాగించాడు.

ఈ ఘట్టాన్ని చాలామంది ఒక్క వాక్యంలో ముగిస్తారు. అయితే ఆనాటి రడ్జ్ బండి ఎలాంటిదో తెలిస్తేనే అందులోని కష్టం, అది నేర్పిన పాఠం అర్థమవుతాయి. రడ్జ్-విట్‌వర్త్ సంస్థ మొదట సైకిళ్ళు తయారుచేసేది. 1911లో మోటారు సైకిళ్ళ ఉత్పత్తి ప్రారంభించి, 1914లో ఐల్ ఆఫ్ మాన్ దీవి పందెంలో పెద్ద తరగతి విజయం సాధించింది. ఆ కాలపు దాని ప్రధానమైన బండికి 499 ఘనపు సెంటీమీటర్ల ఒంటి సిలిండరు ఇంజను ఉండేది. పెట్రోలు ఆవిరి లోనికి వచ్చే కవాటం పైన, పొగ బయటకు పోయే కవాటం ప్రక్కన ఉండేవి. ఇంజను నుండి వెనుక చక్రానికి శక్తి గొలుసుతో కాక బెల్టుతో అందేది. నూనె తనంతట తాను తిరగదు. నడిపేవాడే చేతిపంపుతో అప్పుడప్పుడు ఇంజనులోనికి కొట్టాలి. చేతిపిడి మీద పెట్రోలు మిశ్రమానికి ఒక మీట, గాలికి ఒక మీట ఉండేవి. నిప్పురవ్వ ముందు పడాలో వెనుక పడాలో నిర్ణయించే మీట వేరు. అనగా బండిని ట్యూనింగు చేయడం షెడ్డులో ఒకసారి ముగిసే పని కాదు, ఎత్తు ఎక్కినా పల్లం దిగినా ఎండ ముదిరినా నడిపేవాడు దారి పొడవునా చేస్తూ ఉండవలసినదే.

అటువంటి బండి మొరాయిస్తే కారణం వెదకడానికి ఒక క్రమం ఉంది. అది నేటికీ మారలేదు. మొదట పెట్రోలు వస్తున్నదా అని చూడాలి. కార్బురేటరు మీది చిన్న గుబ్బను నొక్కితే పెట్రోలు పొర్లాలి. పొర్లకపోతే గొట్టంలోనో జెట్టులోనో నలక అడ్డుపడినట్లు. రెండవది నిప్పురవ్వ. ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించి, ఇంజను లోహానికి ఆనించి ఇంజనును త్రిప్పితే రవ్వ కనిపించాలి. కనిపించకపోతే ప్లగ్గు, తీగ, మాగ్నెటోలోని పాయింట్లు వరుసగా చూసుకోవాలి. పాయింట్ల మధ్య సందు ఎక్కువైనా తక్కువైనా రవ్వ బలహీనపడుతుంది. మూడవది ఇంజను బిగువు. చక్రాన్ని త్రిప్పినప్పుడు సిలిండరు ఎదురు తన్నకపోతే కవాటం సరిగా మూసుకోవడం లేదనో, పిస్టను రింగులు అరిగాయనో తెలుసుకోవాలి. ఈ మూడూ సరిగా ఉండి కూడా బండి మిస్సింగు కొడితే అప్పుడు రవ్వ పడే సమయాన్ని, గాలి పెట్రోలు పాళ్ళను పరిశీలించాలి.

ప్లగ్గు రంగు ఇక్కడ వైద్యునికి నాడి వంటిది. ఎర్రమట్టి, లేత గోధుమ రంగులలో ఉంటే పాళ్ళు సరిపోయినట్లు. పొడిగా నల్లని మసి పట్టితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలిపోయి ఉంటే గాలి ఎక్కువ. ఇటువంటి ఇంజను వేడెక్కి, కార్బురేటరు లోనికి తుమ్ముతుంది. తడిగా, జిడ్డుగా ఉంటే నూనె ఎక్కువ కొట్టినట్లు. ఇక బెల్టు బండ్లలో మరొక మోసం ఉంది. బెల్టు జారుతున్నప్పుడు ఇంజను మాత్రం జోరుగా తిరుగుతూ బండి కదలదు. తెలియనివాడు ఇంజనులో లోపమని దానిని విప్పి కూర్చుంటాడు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన నియమం. జెట్టు, పాయింట్లు, ప్లగ్గు మూడూ ఒకేసారి మార్చినవానికి బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

పలాస-కాశీబుగ్గ, టెక్కలి వంటి మన పట్టణాల షెడ్లలోని మేస్త్రీలకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఉద్దానం తీరపు ఉప్పుగాలికి, ముఖ్యంగా నౌపడ ఉప్పుమళ్ళ పరిసరాలలో, తీగల కొసలకు చిలుము పట్టి రవ్వ బలహీనపడుతుంది. కుర్రవాళ్ళు మోజుపడి కంపెనీ సైలెన్సరు తీసి వెడల్పు గొట్టం వేసి, గాలి జల్లెడ మార్చిన బండ్లు పికప్పు లేక గునుస్తాయి. ఇంజను పీల్చే గాలి పెరిగింది, పెట్రోలు మాత్రం పాత కొలతలోనే వస్తున్నది, అదే కారణం. కార్బురేటరు బండి అయితే పెద్ద మెయిన్ జెట్టు వేసి, సూదిని ఒక గాడి పైకెత్తి సరిచేస్తారు. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.6 ప్రమాణాల వలన వచ్చిన బండ్లలో అధికభాగం పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మేవి కనుక జెట్టుతో సరిచేయడం సాధ్యం కాదు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మూల నిర్మాణాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తున్నది. నాయుడి యౌవనకాలంలో ఈ అడ్డంకులు లేవు. అదే సమయంలో విడిభాగం పాడైతే ఓడ మీద ఇంగ్లాండు నుండి రావలసిందే, లేదా తానే అరగదీసి చేసుకోవలసిందే.

బస్సు రవాణా

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నాయుడు ప్రత్తి వ్యాపారంలో దిగి లాభం సంపాదించాడు. తరువాత బొంబాయి వెళ్ళి ఆ డబ్బు పోగొట్టుకొని తిరిగివచ్చాడు. కోయంబత్తూరులోని ఆంగ్ల పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సహాయంతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచి - పళని మధ్య తానే స్వయంగా నడపసాగాడు. అదే క్రమంగా యూనివర్సల్ మోటారు సర్వీసు (యు.ఎం.ఎస్.) సంస్థగా ఎదిగి దేశంలోని మేలైన ప్రైవేటు బస్సు సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకొంది. యజమానియే మెకానిక్కు, మెకానిక్కే డ్రైవరు అయిన సంస్థ కావడం దీని బలం. బస్సు దారిలో ఆగిపోతే నష్టమెంతో, ఆగకుండా చేయడమెలాగో రెండూ ఒకే మనిషికి తెలుసు.

మోటార్లు, ఇతర పరికరాలు

నీలగిరిలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో మొదలైన తరువాత కోయంబత్తూరు మిల్లులకు, బావులకు కరెంటు అందింది. విద్యుత్ మోటార్లు మాత్రం విదేశాల నుండి రావలసి ఉండేది. నాయుడు పీలమేడులో స్థాపించిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారం నుండి 1937లో మోటారు వెలువడింది. దీనిని భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా పరిగణిస్తారు. ఈ పనిలో ఈయనకు తోడ్పడిన డి.బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను నెలకొల్పాడు. కోయంబత్తూరు నేడు మోటార్లకు, పంపులకు ప్రసిద్ధి చెందడానికి మూలం ఇక్కడ ఉంది. మన జిల్లాలో కొబ్బరితోటలకు నీరు తోడే పంపులలోనూ కోయంబత్తూరు పేరు కనబడుతూనే ఉంటుంది.

పొడి బ్యాటరీలతో నడిచే రసాంత్ అనే క్షురక యంత్రం, అతి పలుచని బ్లేడ్లు, కిరోసినుతో నడిచే పంకా, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం ఈయన రూపొందించిన వాటిలో కొన్ని. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు. ఛాయాగ్రహణం మీద కూడా ఎంతో ఆసక్తి ఉండేది. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను చలనచిత్రంగా తీశాడు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశాడు. ఈయన తోటను చూడవచ్చినవారిలో సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఉన్నారు.

కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును తయారుచేశాడు. దాని వెల రెండువేల రూపాయలు. మధ్యతరగతివానికి అందుబాటులో ఉండే కారు అన్న ఆలోచన మన దేశంలో అప్పటికి ఎవరికీ గట్టిగా రాలేదనే చెప్పాలి. కానీ అదే సంవత్సరం మే నెలలో 1951 పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం అమలులోనికి వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారుచేయాలన్నది ప్రభుత్వ అనుమతి మీద ఆధారపడింది. నాయుడి కారుకు లైసెన్సు లభించలేదు, ఉత్పత్తి నిలిచిపోయింది. ఉన్న కొద్దిపాటి ఇనుము, విదేశీ మారకము పెద్ద కర్మాగారాలకు కేటాయించాలన్నది ఆనాటి విధానం. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయినప్పటికీ నమూనాగా నడిచి చూపిన బండిని కాగితం మీద ఆపివేయడం ఈ దేశపు పరిశ్రమకు నష్టం చేసిన నిర్ణయాలలో ఒకటి.

పన్నుల విషయంలోనూ ప్రభుత్వంతో ఈయనకు పడలేదు. అధిక పన్నులకు నిరసనగా తాను చేసిన పరికరాలను తానే జనం ముందు పగులగొట్టాడు. వాటిని నాశనం చేయడం కంటే పంచిపెట్టి ఉంటే బాగుండేదని అనిపించక మానదు. ఎంత విసిగిపోతే ఒక పనివాడు తన చేతిపనిని పగులగొట్టుకొంటాడో కూడా ఆలోచించాలి.

విద్యారంగము

1945లో నాయుడి విరాళముతో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, సాంకేతిక కళాశాల ప్రారంభమయ్యాయి. ఈయనే కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు. ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్ళు అనవసరమని, విద్యార్థిని మొదటి రోజు నుండి యంత్రం వద్ద నిలబెడితే రెండేళ్ళు చాలునని ఈయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాల తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది. రెండేళ్ళలో గణితం, బలశాస్త్రం పూర్తిగా వంటబట్టడం కష్టమే. ఈ విషయంలో ఆయన తన అనుభవాన్నే అందరికీ కొలబద్దగా తీసుకొన్నాడని అనుకోవాలి. కానీ సిలిండరు లోపల చూడకుండానే ఇంజనుల మీద పరీక్ష వ్రాసి నెగ్గేవారు నేటికీ ఉన్నారు కనుక ఆయన పట్టుదలను తోసిపుచ్చలేము.

మరణము, స్మారకాలు

1967లో నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాలను స్థాపించాడు. తాను చేసినవి, దేశదేశాల నుండి తెచ్చినవి అక్కడ సామాన్యులు చూసి నేర్చుకొనేందుకు ఉంచాడు. 1974 జనవరి 4న తన 80వ యేట మరణించాడు. కుమారుడు జి.డి.గోపాల్ తండ్రి సంస్థలను కొనసాగించాడు.

ఈయన జీవితంపై రంజిత్ కుమార్ తీసిన లఘుచిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో శాస్త్ర సాంకేతిక విభాగపు బహుమతి లభించింది. మాధవన్ ఈయన పాత్ర ధరించే చలనచిత్రాన్ని ప్రకటించారు. 2015లో కోయంబత్తూరులో ఈయన కుటుంబం పాత కార్ల మ్యూజియంను ప్రారంభించింది. నగరంలోని అవినాశి రోడ్డు మీద నిర్మించిన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఈయన పేరు పెట్టింది. అది 2025 అక్టోబరు 9న ప్రారంభమైంది.