మట్టి పొరల్లో మానవ చరిత్రను చదివిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

బిల్లసర్గం గుహలను ప్రపంచానికి పరిచయం చేసిన భూగర్భ శాస్త్రవేత్త

బేతంచర్ల: చూపరులకు అవి సున్నపురాతి కొండలో ఏర్పడిన బిలాలు మాత్రమే. పరిశోధకులకు మాత్రం రెండు లక్షల సంవత్సరాల జీవకోటి చరిత్రను పొరలు పొరలుగా దాచుకున్న భాండాగారాలు. బేతంచర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలకు ఈ ఖ్యాతి లభించడానికి ఆద్యుడైన వారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అగ్రగణ్యుడు. భారతదేశ ప్రాక్చరిత్ర పరిశోధనకు పితామహునిగా ఆయనను చరిత్రకారులు గౌరవిస్తారు.

రాళ్ల కొలువు నుంచి రాతియుగానికి

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టన్‌హాం పట్టణంలో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి మద్రాసు రాజధానిలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఏ నేలలో ఏ శిల ఉన్నదో గుర్తించి పటాలు తయారుచేయడం ఆయన విధి. ప్రాచీన మానవుని అన్వేషణ ఆ విధుల్లో భాగం కాదు.

అంతరించిన జంతువుల అస్థికలతో పాటు మనిషి చెక్కిన రాళ్లు లభించడం యథార్థమేనని ఐరోపా పండితులు 1859లో అంగీకరించారు. ఆ సంగతి తెలిసిన ఫుట్ తాను తిరిగే కంకర గుట్టలను ఆ దృష్టితోనే పరిశీలించసాగారు. 1863 మే 30న మద్రాసు చెంతనున్న పల్లావరం వద్ద కంకర గుంటలో ఆయనకు ఒక చేతిగొడ్డలి లభించింది. దేశంలో పాత రాతియుగపు మానవుని ఉనికికి అది తొలి సాక్ష్యంగా నిలిచింది. అదే సంవత్సరం సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం వద్ద మరిన్ని రాతి పనిముట్లను కనుగొన్నారు. ఆ స్థలంలోని అట్టడుగు పొరలు కనీసం పది లక్షల సంవత్సరాలకు పూర్వపువని శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించడం విశేషం.

చేతికందిన రాయిని సంచిలో వేసుకొని వెళ్లడం ఆయన పద్ధతి కాదు. అది ఏ పొరలో ఉన్నది, దాని పైన ఏమున్నది, కింద ఏమున్నది అన్న వివరాలను గ్రంథస్థం చేసేవారు. నీరు తెచ్చిన మట్టి అడుగున ఉన్నది ముందు చేరినది, పైనున్నది తరువాత చేరినది. పొర చెదిరితే వస్తువు మిగిలినా దాని కాలం చెప్పే ఆధారం నశిస్తుంది. భూగర్భ శాస్త్రంలోని ఈ మూలసూత్రాన్ని మన దేశపు ప్రాక్చరిత్రకు తొలుత అన్వయించిన ఘనత ఆయనదే.

బిల్లసర్గంలో తండ్రీ కొడుకులు

బిల్లసర్గం గుహల్లో శిలీభూతమైన ఎముకలున్నట్లు కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే తెలియజేశారు. తరువాత దాదాపు నలభై ఏళ్ల పాటు ఆ విషయం మరుగున పడింది. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ ప్రేరణతో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఈ గుహల పరిశోధనకు ఆసక్తి చూపారు. ఆ పనికి ఫుట్ నియుక్తులయ్యారు. ఆయన మార్గదర్శకత్వంలో కుమారుడు, సైనికాధికారి అయిన హెన్రీ బ్రూస్ ఫుట్ 1884, 1885 ప్రాంతంలో తవ్వకాలు సాగించారు. కెథీడ్రల్, చార్నెల్ హౌస్, పర్గేటరీ అన్న పేర్లు ఆ గుహలకు అప్పుడు స్థిరపడినవే. చార్నెల్ హౌస్ అనగా అస్థికలను భద్రపరిచే గృహం. ఎముకలు విస్తారంగా బయటపడిన గుహకు ఆ పేరు అన్వర్థమైంది.

గుహల్లోని పూడిక ఒకే తీరుగా లేదు. మట్టి పొరల నడుమ అక్కడక్కడ సున్నపునీరు చుక్కలుగా రాలి గట్టిపడిన పొరలు ఉన్నాయి. వెలికి వచ్చిన ఎముకలను రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించి 1886లో ఫలితాలను ప్రచురించారు. ఖడ్గమృగం, దుమ్ములగొండి, ముళ్లపంది, అడవిపంది, కోతిజాతులు మొదలైన వాటిని ఆయన గుర్తించారు. నేడు ఖడ్గమృగం మచ్చుకైనా కానరాని ఈ మెట్టసీమలో ఒకప్పుడు అది సంచరించినదని తేలింది.

వివాదంలో ఎముక పనిముట్లు

లభించిన ఎముకల్లో కొన్ని మనిషి చెక్కిన పనిముట్లని ఫుట్ విశ్వసించారు. ఫ్రాన్సు గుహల్లో లభించిన మాగ్దలేనియన్ కాలపు పనిముట్లతో వాటిని పోల్చారు. అయితే ఆ వస్తువులు తరువాతి పరిశోధకులకు అందుబాటులో లేకపోవడంతో సందేహాలు తలెత్తాయి. జంతువులు కొరికిన ఎముక సైతం చెక్కినట్లు కనిపించవచ్చునన్న వాదన ఉన్నది. 1920 దశకంలో కమియాడ్ ఈ గుహలను తిరిగి పరిశీలించారు. 1970 దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి తదితరులు ఇదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకాలు జరిపి రాతి, ఎముక పనిముట్లను వెలికితీశారు. దీంతో కర్నూలు గుహల్లో ఆదిమానవుడు మసలినాడన్న ఫుట్ అభిప్రాయానికి బలం చేకూరింది.

బిల్లసర్గం పొరలపై 2014లో వెలువడిన అధ్యయనం మరో విశేషాన్ని తెలిపింది. అక్కడ గుర్తించిన 21 క్షీరద జాతుల్లో ఒకటి మినహా తక్కినవన్నీ రెండు లక్షల సంవత్సరాలుగా ఈ ఉపఖండంలో మనుగడ సాగించాయని అది పేర్కొన్నది.

చివరి దశ

బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు నవీన శిలాయుగ ప్రజలు పశువుల పేడను కాల్చగా ఏర్పడినవని ఫుట్ భావించారు. పాలమూరు జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ 1957లో జరిపిన తవ్వకాలు ఆ ఊహను ధ్రువపరిచాయి. పాత, కొత్త రాతియుగాల మధ్య సుదీర్ఘమైన విరామం ఉన్నదన్న ఆయన సిద్ధాంతం మాత్రం తదనంతర పరిశోధనల ముందు నిలువలేదు.

1891లో పదవీ విరమణ చేసిన అనంతరం బరోడా, మైసూరు సంస్థానాల్లో సేవలందించారు. సేలం సమీపంలోని ఏర్కాడులో స్థిరపడ్డారు. జీవితకాలమంతా సేకరించిన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియంకు అప్పగించారు. వాటి వివరాలతో కూడిన గ్రంథాలు ఆయన మరణానంతరం 1914, 1916 సంవత్సరాల్లో వెలువడ్డాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన కన్నుమూశారు. ఏర్కాడు చర్చిలో ఆయన స్మారకం ఉన్నది.

ఫుట్ నమోదుచేసిన పొరల వివరాలే తరువాతి తరాల వారికి దారి చూపాయి. బేతంచర్ల పరిసరాలు నాపరాయికి పేరెన్నికగన్నవి. తవ్విన రాయి చోట మరొక రాయి దొరకవచ్చు. చెదిరిన గుహ మట్టిని యథాస్థానంలో పేర్చడం మాత్రం ఎవరికీ సాధ్యం కాదు.