అడవి పల్లె కోసం అన్నీ వదులుకున్న వెరియర్ ఎల్విన్

మన ఆదివాసీల గురించి రాసిన బయటివాళ్లు చాలామందే ఉన్నారు. ఏళ్ల తరబడి ఆదివాసీ పల్లెల్లో కాపురముండి రాసినవాళ్లు మాత్రం తక్కువ. వారిలో ముందు వరుసలో నిలిచే వెరియర్ ఎల్విన్ క్రీస్తు బాటలో నడవాలని బయలుదేరి ఏమేమి పోగొట్టుకున్నారో ఈ సంచికలో స్మరించుకుంటున్నాం.

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టారు. ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బిషప్‌గా ఉన్న తండ్రి 1909లోనే మరణించారు. తల్లి ముగ్గురు పిల్లలనూ భక్తిశ్రద్ధలతో పెంచారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యం, దైవశాస్త్రం రెండింటిలోనూ ప్రథమ శ్రేణి సాధించిన ఎల్విన్‌కు చర్చిలో మంచి భవిష్యత్తు ఉండేది. దాన్ని వదిలి 1927లో పుణెలోని క్రిస్త సేవా సంఘానికి వచ్చారు. గాంధీజీ ప్రభావంతో ఖద్దరు కట్టి, స్వాతంత్ర్యోద్యమం పక్షాన నిలిచారు.

1932లో మిత్రుడు శ్యామ్‌రావు హివాలేతో కలిసి అప్పటి మండ్లా జిల్లాలోని గోండు పల్లె కరంజియా చేరారు. అక్కడ బడి, మందుల గది, కుష్ఠు రోగులకు ఆశ్రయం నడిపారు. ఆ ఏడాదే ఇంగ్లండు వెళ్తే, రాజకీయాల జోలికి పోనని మాట ఇచ్చాకే ప్రభుత్వం తిరిగి రానిచ్చింది. బ్రిటిష్ రాజుకు విధేయత ప్రమాణం చేయనన్నందుకు నాగపూర్ బిషప్ ఆయనకు లైసెన్సు ఇవ్వలేదు. గోండులను మతం మార్చడమూ ఆయనకు ఇష్టం లేదు. చివరకు 1935లో చర్చినే విడిచారు. తల్లికి అది పెద్ద దుఃఖమైంది. పేదల్లో క్రీస్తును వెతుక్కుంటూ వచ్చిన మనిషికి ప్రార్థించుకునే గుడే దూరమైంది. కాలక్రమంలో ఆ విశ్వాసమూ ఆయనను విడిచింది.

మరో మాట దాచకూడదు. 1940లో ఆయన పెళ్లాడిన గోండు అమ్మాయి కోసి చాలా చిన్న వయసుది. 1949లో విడాకులయ్యాయి. తర్వాత ఆమె పేదరికంలోనే బతికింది. ఎల్విన్ నడిచిన దారికి ఆమె కూడా మూల్యం చెల్లించిందని మేము భావిస్తాం.

ఎల్విన్ 1954లో భారత పౌరసత్వం తీసుకుని, ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. 1961లో పద్మభూషణ్ అందుకున్నారు. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు. ఆదివాసీ భూమి, అడవి ఆదివాసీలకే దక్కాలని, వారి కళలు, ఆచారాలు వారి ఇష్టప్రకారమే ఎదగాలని ఆయన చెప్పినది నేటికీ మన డిమాండే.

ఎల్విన్‌కూ, ఎవరూ తలవని కోసికీ మా జోహార్లు.